కర్నూలు నుంచి మధ్యధరా క్రూయిజ్: మోకాళ్ల నొప్పుల అమ్మతో ఐదుగురం, యాడ దిగాల, యాడ ఓడలోనే ఉండిపోవాల?

బురుజుకాడ_అంగడి (కర్నూలు)

అందరికీ నమస్కారం. నాది కర్నూలు పాతబస్తీలో శనగల వ్యాపారం. ఇంతవరకు ఇంటిల్లిపాదీ కలిసి పోయిన దూరప్రయాణమంటే కాశీ, అంతకుముందు ఊటీ. ఇప్పుడు పిల్లలు పట్టుబట్టినారు, మే సెలవుల్లో యూరప్‌లో క్రూయిజ్‌కు పోదామని. హైదరాబాద్ ఏజెంటు ఒక కాగితం పంపినాడు. ఏడు రాత్రులు. బార్సిలోనాలో ఎక్కి మార్సెయ్, జెనోవా, రోమ్, నేపుల్స్, పలెర్మో చూసి, ఒక రోజంతా సముద్రం మీదే ఉండి, మళ్లీ బార్సిలోనాలో దిగాల.

మేము ఐదుగురం. నేను, నా భార్య, ఇంటర్ అయిపోయే పాప, తొమ్మిది చదివే పిల్లోడు, మా అమ్మ. అమ్మకు డెబ్భై దాటినాయి. మోకాళ్ల నొప్పులు, మెట్లంటే భయం. గుడ్డు కూడా ముట్టదు. ఆమెను ఇంట్లో వదిలి పోయేది మాత్రం జరగని పని.

నా అనుమానాలు: ప్రతి ఊర్లో ఓడవాళ్ల టూరే కొనాల్నా, మనంతట మనం తిరిగి రావచ్చునా? రోమ్‌కు, నేపుల్స్ దగ్గరుండే పూడిపోయిన పాత ఊరు పాంపేయికి ఇప్పుడే డబ్బు కట్టమంటాన్నాడు ఏజెంటు. ఐదుగురికి లెక్కేస్తే అది ఇంకో మనిషి టికెట్టంత అయితాంది. బాల్కనీ ఉండే గది తీసుకుంటే బాగుంటాదంటాన్నారు, నిజమేనా? వీసా ఏ దేశానికి పెట్టాల? మా పాపేమో గ్రీసు దీవి సాంటోరిని లేకపోతే అది క్రూయిజే కాదంటాంది. దానికి కూడా ఎవరైనా ఒక జవాబు చెప్పండి సామీ, నాతో కావడం లేదు.


క్లాక్‌టవర్_కోడలు (అనంతపురం)

అన్నా, మా అత్తను, ఇద్దరు పిల్లల్ని, ఓడ పేరెత్తితేనే మొహం ముడుచుకునే మా ఆయన్ను వెంటబెట్టుకొని ఇంచుమించు ఇదే దారిలో పోయొచ్చినా. బ్యాంకులో పని చేసినదాన్ని, లెక్క చూడనిదే దేనికీ సంతకం పెట్టను. మీ ఏజెంటు కాగితంలో నేను మొదట చూసేది ఓడ ఎంత పెద్దది, ఈతకొలను ఎన్ని అంతస్తుల మీద ఉంది అని కాదు. ఒక్కో రేవు నుంచి ఊరు ఎంత దూరం, ఓడ అక్కడ ఎన్ని గంటలు నిలబడుతుంది. ఈ రెండే. అమ్మగారు వెంట ఉన్నారు కాబట్టి ఇంకా గట్టిగా చూడాల.

కాగితంలో రోమ్ అని రాసినాడు గదా, ఓడ రోమ్‌కు పోదు. చివితావెక్కియా అనే రేవులో ఆగుతుంది. రోమ్ అక్కడికి దాదాపు 80 కిలోమీటర్లు. పొద్దున 7కి ఆగి సాయంత్రం 7కి కదులుతుందనుకోండి. పన్నెండు గంటలు చేతిలో ఉన్నట్టే కనబడుతుంది. దిగేసరికి 8. ఓడ దగ్గర్నుంచి రేవు గేటు దాకా ఒక బస్సు, అక్కడి నుంచి స్టేషన్‌కు ఇంకో బస్సు, ఆపైన గంట చిల్లర రైలు. రోమ్‌లో కాలు పెట్టేసరికి 10 దాటుతుంది. ఓడ కదిలేదానికి అరగంటో గంటో ముందే లోపల ఉండాల, కాబట్టి మూడున్నరకల్లా తిరుగుముఖం పట్టాల. మిగిలింది ఐదు గంటలు. అందులోనే వాటికన్ మ్యూజియం, సెయింట్ పీటర్స్ చర్చి ముందు తనిఖీ క్యూ, తిండి, అమ్మగారికి బాత్రూమ్ వెతకడం. కొలోసియం ఊరికి ఇంకో పక్కన ఉంది. ఓడవాళ్ల టూరు కొన్నా ఈ గంటలు పెరగవు. బస్సు తెచ్చి దించుతారు, అంతే తేడా.

నేనైతే ఓడను రోమ్ దగ్గరే ఎక్కుతా. ఈ పడమటి మధ్యధరా చుట్టుకు తిరిగే ఎమ్మెస్సీ, కోస్టా లాంటి కంపెనీల ఓడలు ఒక్క బార్సిలోనాలోనే కాదు, దారిలో చాలా రేవుల్లో జనాన్ని ఎక్కించుకుంటాయి. చివితావెక్కియాలో ఎక్కి మళ్లీ అక్కడే దిగే తేదీలు ఉన్నాయేమో ఏజెంటును అడగండి. రెండు రాత్రులు ముందే రోమ్ చేరి, ఊరి నడుమ లిఫ్టు ఉన్న హోటల్లో దిగండి. వాటికన్ ఒక పూట, కొలోసియం ఇంకో పూట. సైరన్ మోగుతుందనే భయం లేకుండా చూడొచ్చు. విమానం ఆలస్యమైనా ఓడ తప్పిపోదు. వాటికన్ మ్యూజియం ఆదివారం మూత, నెలలో చివరి ఆదివారం తప్ప. చర్చిలోకి భుజాలు, మోకాళ్లు కప్పుకొని పోవాల. మన చీరలవాళ్లకు ఆ చింత లేదు, మీ పిల్లోడి నిక్కర్ల సంగతి చూసుకోండి. బార్సిలోనా అప్పుడు దారిలో ఒక రోజు అవుతుంది. సగ్రాద ఫామీలియా చర్చికి ఎన్ని గంటలకు పోతారో ఎంచుకొని టికెట్టు ముందే ఆన్‌లైన్లో కొనాల. 1882లో మొదలుపెట్టిన కట్టడం, మీరు పోయేటప్పటికీ పైన ఎక్కడో ఒక చోట పని కనబడుతుంది. లా రాంబ్లా వీధిలో ఫోను, పర్సు ముందు జేబులో పెట్టుకోమని పిల్లలకు చెప్పండి.

నేపుల్స్ పూర్తిగా వేరు. ఓడ ఊరి నడిబొడ్డునే ఆగుతుంది, దిగితే ఎదురుగా కోట. పాంపేయికి గారిబాల్ది స్టేషన్ నుంచి చిర్కుమ్‌వెసువియానా అనే లోకల్ రైలు, ముప్పావు గంట లోపే. కానీ అది కిక్కిరిసి ఉంటుంది, సీటు దొరుకుతుందని నమ్మకం లేదు. అమ్మగారితో అయితే కారు మాట్లాడుకోండి. ఐదుగురికి ఓడ టూరు కన్నా కారే చవక పడే ఊరు ఇది. పాంపేయిలో 2024 నవంబరు నుంచి రోజుకు 20,000 మందినే వదులుతున్నారు, టికెట్టు మీద పేరు ఉంటుంది, పాస్‌పోర్టులో ఉన్నట్టే రాయించుకోండి.

అక్కడి బాట గురించి ఎవరూ సరిగా చెప్పరు. పెద్ద పెద్ద నల్లరాళ్లు పరిచిన వీధులు, బండి చక్రాలకు అరిగిన గాళ్లు చెయ్యి పట్టేంత లోతు, వీధి దాటడానికి మధ్యలో ఎత్తురాళ్లు. మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లకు ఇది కష్టం. ఆంఫితియేటర్ వైపు గేటు నుంచి చక్రాల కుర్చీలు కూడా పోయేలా ఒక చదును దారి చేసినారు, అటు వైపే దింపమని డ్రైవరుకు చెప్పండి. మా అత్త నా మోచెయ్యి పట్టుకొని, అడుగడుక్కీ ఆగి, ఒక రొట్టెల అంగడి దాకా వచ్చింది. క్రీ.శ. 79లో వెసువియస్ అగ్నిపర్వతం బద్దలైనప్పుడు పూడిపోయిన అంగడి. లోపల లావా రాతి తిరగళ్లు వరసగా నిలబెట్టి ఉన్నాయి. అడుగున మొనదేలిన రాయి, దాని మీద డమరుకం ఆకారంలో ఇంకో రాయి, పక్కన మొద్దు దూర్చే చదరపు బొక్కలు. ఆమె ఆ బొక్కలో వేలు పెట్టి చూస్తాంటే కాపలా అమ్మాయి వద్దని చెయ్యి ఊపింది. "ఇది మన ఇసుర్రాయే గదే. మనం చేత్తో తిప్పితే వీళ్లు గాడిదను కట్టి తిప్పించినారు, తెలివైనోళ్లు" అనింది. పక్కనే పొయ్యి, పైన ఇటుక గుమ్మటం. నిప్పు ఎట్ల పెట్టేవాళ్లు, బూడిద ఎటు లాగేవాళ్లు అని నన్ను అడుగుతాంటే నాకేం తెలుసు? మా ఆయన ఫోరమ్, అంటే ఆ ఊరి నడిచౌకు, చూద్దాం రాండని పిలిస్తే "మీరు పోయి రాండి, అయి స్తంభాలే గదా" అని అక్కడే అరుగు మీద కూర్చుంది. ఓడ దిగిన ఊర్లన్నిట్లో ఆమె ఇప్పటికీ చెప్పేది ఆ రొట్టెల అంగడి గురించే.

అమ్మగారు అంత నడవలేరంటే పాంపేయికి మీరు, పిల్లలు పోండి. నేపుల్స్‌లోనే పురావస్తు మ్యూజియం ఉంది. పాంపేయి గోడల నుంచి తీసిన బొమ్మలు, అలెగ్జాండర్ యుద్ధం మొజాయిక్ అక్కడే ఉన్నాయి. మంగళవారం మూత, ఓడ ఆ రోజు వస్తుందేమో చూసుకోండి.

జెనోవా, పలెర్మో రెండూ అమ్మగారి కోసమే అన్నట్టుంటాయి. ఓడ దిగితే నడిచేంత దూరంలో ఊరు. జెనోవా పాత రేవులో పెద్ద అక్వేరియం ఉంది, పిల్లోడిని అక్కడ వదిలేయొచ్చు. టూరు కొనొద్దు, రెండు చోట్లా దుడ్డు దండగ. తిండి కూడా మీకు అక్కడే కుదురుతుంది. జెనోవాలో శనగపిండి, నీళ్లు, ఆలివ్ నూనె, ఉప్పు కలిపి పెద్ద పళ్లెంలో పోసి కట్టెల పొయ్యిలో కాలుస్తారు, ఫరినాతా అంటారు. పలెర్మోలో బల్లారో సంత దగ్గర అదే శనగపిండిని ముక్కలు కోసి నూనెలో వేయించి ఇస్తారు, పనెల్లె. రెండిట్లో గుడ్డు లేదు, మాంసం లేదు. శనగల వ్యాపారం మీది, ధర చూసి మీరే నవ్వుకుంటారు. కారం మాత్రం మనదే వెంట ఉండాల.

మార్సెయ్‌లో ఓడ ఊరికి దూరంగా ఉత్తరాన ఆగుతుంది. బస్సులో పాత రేవుకు పోయి, అక్కడి నుంచి బొమ్మ రైలు లాంటి బండిలో కొండ మీద నోత్ర్ దామ్ ద లా గార్ద్ చర్చికి పోయి రావచ్చు. పోకపోయినా నష్టం లేదు. ఆ రోజు అమ్మగారిని ఓడలోనే పడుకోనియ్యండి.

మీ పాపకు: సాంటోరినిలో పెద్ద ఓడ ఆగే గట్టు ఊరి కింద లేదమ్మా. సముద్రంలోనే లంగరు వేసి చిన్న పడవల్లో దించుతారు. పైన ఊరికి పోవాలంటే కేబుల్ కారు, లేకపోతే 580 పైచిలుకు మెట్లు, అదీ కాకపోతే గాడిద. నాలుగు ఓడలు ఒకే రోజు వస్తే కేబుల్ కారు క్యూలోనే నీ సాయంత్రం అయిపోతుంది. జేజిని వదిలి నువ్వు ఫొటోలు దిగుతావా? పెళ్లయినాక మొగుడితో పో, అప్పుడు రెండు రాత్రులు ఉండు.


రైలు_మాస్టారు (కర్నూలు)

అక్క చెప్పినదాంట్లో రోమ్ సంగతి నేను ఒప్పుకోను. ఇద్దరు గట్టివాళ్లు అయితే చివితావెక్కియా నుంచి రైల్లో పోయి రావడం సులభం. ఆ రైలు రోమ్ పెద్ద స్టేషన్ తెర్మినీ కన్నా ముందే సాన్ పియెత్రో స్టేషన్‌లో ఆగుతుంది, అక్కడ దిగితే వాటికన్ చౌకుకు పావుగంట నడక. తెర్మినీ దాకా పోయి వెనక్కు రావాల్సిన పని లేదు. టికెట్టు కూడా చాలా తక్కువ. రోమ్ కోసం విడిగా రెండు రాత్రుల హోటలంటే ఐదుగురికి చిన్న ఖర్చా?


క్లాక్‌టవర్_కోడలు (అనంతపురం)

మాస్టారూ, ఇద్దరు గట్టివాళ్లకైతే మీ మాటే నా మాట. ఇక్కడ ఉండేది ఐదుగురు, అందులో ఒకరికి స్టేషన్ మెట్లే పెద్ద పరీక్ష. ఇటలీలో రైలు సమ్మెలు కూడా తరచుగా ఉంటాయి. సమ్మె రోజున పనిదినాల్లో పొద్దున 6 నుంచి 9, సాయంత్రం 6 నుంచి 9 మధ్య రైళ్లు నడుపుతారు. ఓడ సాయంత్రం 7కి పోతాంటే ఆ రెండో విడత మనకెందుకు పనికొస్తుంది? సొంతంగా పోయినవాళ్ల కోసం ఓడ ఆగదు. ఓడవాళ్ల టూరు ఆలస్యమైతేనే ఆగుతుంది. మీరు గట్టు మీద నిలబడి ఓడను చూడాల, తర్వాతి రేవుకు సొంత ఖర్చుతో పోవాల. హోటల్ ఖర్చు ఎక్కువే, ఒప్పుకుంటా. రోమ్ టూరుకు కట్టే డబ్బు అందులో కలిపి చూడండి, తేడా ఎంతో తెలుస్తుంది.


ఓడలో_కడపోడు (కడప, ప్రస్తుతం డ్యూటీలో)

అన్నా, నేను ఇట్లాంటి ఓడలోనే రెస్టారెంటు వైపు పని చేస్తా. గది, తిండి, సామాన్లు, ఈ మూటి గురించి చెప్తా.

ఐదుగురికి ఒక్క గది దొరికేది కష్టం, రెండు గదులు తీసుకోండి. రెండూ బాల్కనీవి వద్దు. ఒకటి బాల్కనీది, దాని ఎదురుగా నడవకు అవతల కిటికీ లేనిది. పగలంతా అందరూ బాల్కనీ గదిలోనే ఉంటారు, రాత్రి పిల్లలు చీకటి గదిలో పొద్దెక్కేదాకా నిద్రపోతారు. గది నెంబరు మీరే ఎంచుకోండి. ఓడ మధ్యలో, కింది అంతస్తుల్లో ఊపు తక్కువ. ముందు కొసన, పై అంతస్తుల్లో ఎక్కువ. లిఫ్టుకు దగ్గరగా ఉంటే అమ్మకు మేలు. కడుపులో తిప్పుడుకు మాత్ర మీ డాక్టరును అడిగి ఊర్లోనే తెచ్చుకోండి, ఆమె వేసుకునే బీపీ మందులతో కుదురుతుందా లేదా కూడా అప్పుడే అడగండి.

తిండి. బుకింగ్ అప్పుడే ఇండియన్ వెజిటేరియన్ అని రాయించండి. అది చాలదు. మొదటి రాత్రి భోజనానికి వచ్చినప్పుడు హెడ్ వెయిటర్‌ను పిలిచి గుడ్డు వద్దు, చేప వద్దు, మాంసం ఉడికించిన నీళ్లతో చేసిన సూపు వద్దు అని విడమరిచి చెప్పండి. యూరప్‌లో చేపను వెజ్ అనుకునేవాళ్లు ఉంటారు. రేపటి మెనూ ఈ రాత్రే చూపించమంటే చూపిస్తారు, అమ్మకు కావాల్సింది చేయించి పెడతారు. బఫేలో అన్నం రోజూ ఉంటుంది, పొద్దున చప్పటి పెరుగు దొరుకుతుంది. కొన్ని ఓడల్లో రాత్రి భోజనం టేబుల్ మీద నీళ్ల సీసాకు కూడా బిల్లు వేస్తారు, బఫేలో మిషన్ నీళ్లకు డబ్బు లేదు. మనిషికి రోజుకు ఇంతని సర్వీసు చార్జీ దానంతట అదే బిల్లులో పడుతుంది. ఏజెంటు చెప్పిన ధరలో అది కలిసిందో లేదో రాతపూర్వకంగా తీసుకోండి.

ఊరగాయ, చెనిక్కాయల పొడి, నిప్పట్లు తెచ్చుకోవచ్చు. నెయ్యి వద్దు. పాలకోవా వద్దు. పాలతో చేసినవి, మాంసంతో చేసినవి బయటి దేశాల నుంచి యూరోపియన్ యూనియన్‌లోకి ప్రయాణికులు తీసుకురాకూడదు, విమానాశ్రయంలోనే తీసేస్తారు. ఓడ ఎక్కేటప్పుడు ఇస్త్రీ పెట్టె, నీళ్లు కాచే కెటిల్, రైస్ కుక్కర్ స్కానింగ్‌లో పట్టేస్తారు, దిగే రోజు తిరిగి ఇస్తారు. అగ్గి భయం మాకు అన్నిటికంటే ఎక్కువ. అందుకే ఓడ కదిలేముందే అందరూ భద్రతా డ్రిల్‌కు రావాల, నిద్రొస్తాందని గదిలో దాక్కోవద్దు.

పెద్ద బ్యాగులు గట్టు మీదే తీసుకుంటారు, గది దగ్గరికి సాయంత్రానికి చేరతాయి. అమ్మ మందులు, ఒక జత బట్టలు, పాస్‌పోర్టులు చేతిసంచిలోనే పెట్టుకోండి. ఓడ ఎక్కంగానే ఫోన్లన్నీ ఫ్లైట్ మోడ్‌లో పెట్టించండి. సముద్రం మీద ఓడ నెట్‌వర్కుకు తగులుకుంటే వచ్చే బిల్లు చూసి ఏడ్చినవాళ్లను నేను చూసినా. రోజూ గదిలోకి వచ్చే కాగితంలో, లేకపోతే యాప్‌లో, ఆ ఊరి పోర్టు ఏజెంటు, అంటే రేవులో ఓడ కంపెనీ తరఫు మనిషి, ఫోన్ నెంబరు ఉంటుంది. దిగేముందు ఫొటో తీసి పెట్టుకోండి. గడియారం ఓడ టైమునే నమ్మండి.


బురుజుకాడ_అంగడి (కర్నూలు)

అక్కా, తమ్ముడూ, చేతులెత్తి దండం. మాస్టారుకు కూడా. రోమ్ దగ్గర ఎక్కే తేదీ మే మూడో వారంలో ఉందని ఏజెంటు ఇప్పుడే చెప్పినాడు. మొన్న కాగితంలో ఎందుకు రాయలేదంటే "మీరు అడగలేదు గదా సార్" అంటాన్నాడు. సాంటోరిని సంగతి పాపకు చదివి వినిపించినా, మూతి ముడుచుకొని పోయింది, గాడిద దగ్గర మాత్రం నవ్వింది. ఇంక వీసా ఒక్కటి చెప్పండి అక్కా. మాది కమిషన్ వ్యాపారం, డబ్బు ఒక నెల వస్తుంది, ఒక నెల రాదు. దానికేమన్నా ఇబ్బందా? అమ్మకు చక్రాల కుర్చీ ఓడలో ఇస్తారా?


క్లాక్‌టవర్_కోడలు (అనంతపురం)

యూరప్‌లో చాలా దేశాలకు కలిపి ఇచ్చే షెంజెన్ వీసా ఎక్కువ రాత్రులు ఉండే దేశానికి పెట్టాల, రాత్రులు సమానమైతే మొదట అడుగుపెట్టే దేశానికి. రోమ్‌లో రెండు రాత్రులు, ఆపైన ఇటలీ రేవులే ఎక్కువ కాబట్టి మీకు ఇటలీనే వస్తుంది. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి పెట్టొచ్చు, పదిహేను రోజుల లోపు అయితే కుదరదు. వేసవి అపాయింట్‌మెంట్లు తొందరగా అయిపోతాయి, సంక్రాంతి దాటంగానే కూర్చోండి. పెద్దలకు ఫీజు 90 యూరోలు, పన్నెండు లోపు పిల్లలకే తక్కువ కాబట్టి మీ పిల్లోడికి పూర్తి ఫీజే. సర్వీసు చార్జీ వేరే. 30,000 యూరోల వైద్య ఖర్చు భరించే ప్రయాణ బీమా తప్పనిసరి. అమ్మగారికి ఉన్న జబ్బులు దాచకుండా రాయించండి. పాస్‌పోర్టు తిరుగు ప్రయాణం తర్వాత మూడు నెలలైనా చెల్లాల, పదేళ్లలోపు ఇచ్చినదై ఉండాల. మీ చుట్టులో టర్కీ, ట్యునీషియా లాంటివి లేవు కాబట్టి మళ్లీ మళ్లీ ప్రవేశం గొడవ లేదు. రేపు ఏజెంటు దారి మారిస్తే మాత్రం మళ్లీ అడగండి.

వ్యాపారం సంగతి నా పాత ఉద్యోగం మీద ఒట్టేసి చెప్తా. డబ్బు ఎగుడుదిగుడుగా వస్తే ఎవరూ తప్పుపట్టరు, శనగలు అమ్మే కాలం వాళ్లకూ అర్థమవుతుంది. దరఖాస్తుకు వారం ముందు ఎవరి దగ్గరో తెచ్చి ఐదు లక్షలు ఒక్కసారి ఖాతాలో వేస్తేనే అనుమానం. ఐటీ రిటర్నులు, జీఎస్టీ కాగితాలు, కరెంటు ఖాతా, సేవింగ్స్ ఖాతా రెండూ పెట్టి, అమ్మగారి ఖర్చు నేనే భరిస్తున్నానని ఒక ఉత్తరం రాసి జత చేయండి. ప్యాకేజీ మీద ఏజెంటు టీసీఎస్ అని ముందే కొంత పన్ను పట్టుకుంటాడు, అది మీ రిటర్నులో సర్దుబాటు అవుతుంది, రసీదు పారేసుకోవద్దు.

కర్నూలు నుంచి శంషాబాద్‌కే పోండి, ఊర్లోకి పోనక్కర లేకుండా హైవే పక్కనే. మా అనంతపురం వాళ్లకు అయితే బెంగళూరు.


ఓడలో_కడపోడు (కడప, ప్రస్తుతం డ్యూటీలో)

కుర్చీ సంగతి: ఓడ ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు కూర్చోబెట్టి తోసుకుపోయే సాయం అడిగితే చేస్తారు. దానికి ప్రత్యేక అవసరాల ఫారం ఒకటి ఉంటుంది, బుకింగ్ అప్పుడే ఏజెంటుతో నింపించండి. ఓడ ఎక్కినాక అడిగితే లైన్లో ఆఖరు. ఊర్లో తిరగడానికి మాత్రం ఓడ కుర్చీ బయటికి ఇయ్యరు, మడిచే కుర్చీ ఒకటి ఇంటి నుంచే తెచ్చుకోండి. విమానంవాళ్లు దానికి సామాను చార్జీ తీసుకోరు, అయినా టికెట్టు కొనేటప్పుడే ఒక మాట చెప్పి పెట్టండి. జెనోవా పాత సందులు కొన్ని ఎత్తుపల్లాలు, అక్కడ పిల్లోడిని వెనక తోయమనండి.